ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్

మా పాత కంప్యూటర్ 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదలో మునిగిపోయింది. మాది విజయవాడ సింగ్ నగర్‌లో కింది వాటా. నీళ్లు నడుము దాకా వచ్చి రోజుల తరబడి అలాగే నిలిచాయి. మేం నలుగురం పై వాటా వాళ్లింట్లో తలదాచుకున్నాం. నీళ్లు తగ్గాక కిందికి దిగి చూస్తే, టేబుల్ కింద చక్రాల స్టాండు మీద ఉండాల్సిన సీపీయూ గది మధ్యలో పక్కకి ఒరిగి పడి ఉంది. మూత విప్పాను. ఫ్యాన్ రెక్కల మధ్య ఒండ్రు గట్టిపడిపోయింది. గోరుతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. హార్డ్ డిస్కులో తమ్ముడి చిన్నప్పటి ఫొటోలు ఉండేవి. అవి మళ్లీ రాలేదు.

ప్రభుత్వం కింది వాటాలకు ఇచ్చిన 25,000 రూపాయలు ఫ్రిజ్‌కీ పరుపులకీ అయిపోయాయి. కంప్యూటర్ మాట మళ్లీ ఎత్తింది సంక్రాంతి వెళ్లాకే. చీటీ పాడుకుంటే వచ్చిన డబ్బులో 75,000 దీనికని పక్కన పెట్టాను. ఈసారి పార్టులు మనమే ఎంచుకుందాం, మనమే బిగిద్దాం అన్నాడు తమ్ముడు. నాకూ అదే కోరిక. ఆటలాడేది వాడొక్కడే కాదు, ఆఫీసులో పగలంతా లెక్కలు చూసి వచ్చాక రాత్రి ఒక గంట నేనూ ఆడతాను.

వాడు నోటు పుస్తకంలో లిస్టు రాసుకొచ్చాడు. మొదటి వరసలో ఆట బొమ్మల్ని తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు, దాని కింద ప్రాసెసర్, ఆ కింద ర్యామ్. ఎవరిని అడిగినా ఇదే వరస చెబుతారు. ముందు గ్రాఫిక్స్ కార్డు తేల్చుకో, మిగతావి దాన్నిబట్టి చూసుకో అంటారు. గోడ కరెంటును కంప్యూటర్ పార్టులకు సరిపడేలా మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ అట్టడుగున ఉంది, దాని ఎదురుగా ధర కూడా వేయలేదు. కరెంటు పోతే బ్యాటరీ మీద కాసేపు నడిపే యూపీఎస్ అసలు లేనే లేదు.

మా నాన్న ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ చేస్తున్నారు. లిస్టు చూసి రెండే అడిగారు. "ఇదంతా కలిపి ఎంత కరెంటు లాగుతుంది? ఎక్కడ పెడతారు?" మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ రాత్రి లిస్టును తిరగేశాం. గోడలో ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లాం. గ్రాఫిక్స్ కార్డు పేరు రాసింది అన్నిటికన్నా చివర్న. మొదటిసారి బిగించుకునే వాళ్లకు, ముఖ్యంగా మాలాంటి పాత ఇళ్లలో ఉండేవాళ్లకు, ఇదే సరైన వరస అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు ఎర్తింగ్ సంగతి. పాత కంప్యూటర్ ఉన్న రోజుల్లో కేబినెట్ ఇనుముకి చెయ్యి తగిలితే చురుక్కుమనేది. చెప్పులు వేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాం. అన్ని ఇళ్లలో ఇంతే కాబోలు అనుకున్నాం. నాన్న టేబుల్ దగ్గరి మూడు పిన్నుల ప్లగ్గులో మీటరు పెట్టి చూశారు. ఫేజుకీ (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌కీ (తిరిగి వెళ్లే తీగ) మధ్య 231 వోల్టులు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. అంకెలు 60 అని, 85 అని, మళ్లీ 40 అని ఒకచోట నిలవకుండా ఊగాయి. "ఇక్కడ ఎర్త్ లేదమ్మా, ఈ పై కన్నం ఉత్తదే" అన్నారు. మీటరు బోర్డు నుంచి కిందికి దిగే తీగ వెంబడే వెళ్లి చూస్తే, గోడ వారన మట్టిలోకి దిగే చోట తుప్పుపట్టి తెగిపోయి ఉంది. వరదకు తెగిందో, అంతకు ఎన్నేళ్ల ముందే తెగిందో.

ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని అలజడిని వడగట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఇనుప బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ బాగుంటే వాటి గుండా కారే కాస్త కరెంటూ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీదే ఉండిపోతుంది. మీటరు పెడితే ఇంటి వోల్టేజిలో ఇంచుమించు సగం చూపిస్తుంది. ఆ చురుకు అదే. మనిషికి మామూలుగా పెద్ద ప్రమాదం కాకపోవచ్చు గానీ, లోపల ఏదైనా షార్ట్ అయిన రోజు ఆ తీగే మనల్ని కాపాడాలి. ఇరవై వేల కార్డు కొనే ముందు దీన్ని చూసుకోకపోవడం పెద్ద తప్పు.

మా వీధిలో ఇళ్లకు వైరింగ్ చేసే అన్నను పిలిచాం. పెరట్లో గొయ్యి తవ్వి, 8 అడుగుల జీఐ (జింకు పూత ఇనుప) పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి నీళ్లు పోశాడు. మొత్తం 4,200 అయింది. మర్నాడు మీటరు పెడితే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టున్నర. నాన్న మొహంలో ఆ సాయంత్రం కనిపించిన తృప్తి నాకు ఇంకా గుర్తుంది.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. కంప్యూటర్‌లో కరెంటు తినేవి ముఖ్యంగా ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ. రెండూ ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల లైను నుంచే కరెంటు లాగుతాయి. నాన్నకు అది రోజూ చేతిలో ఉండే లెక్క. గవర్నర్‌పేటలో ఒక షాపులో "500 వాట్లు" అని రాసిన ఎస్‌ఎంపీఎస్ 900 రూపాయలకు చూపించారు. నాన్న దాన్ని ముందు అరచేతిలో పెట్టి బరువు చూశారు, తర్వాత పక్కనున్న స్టిక్కర్ చదివారు. 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192. పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది 500, మనకు పనికొచ్చేది 192 వాట్లు. వైర్లు కూడా వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంత సన్నం తీగ నేను లారీ ఇండికేటర్‌కి కూడా వేయను" అన్నారు.

మేం కొన్నది 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది. 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు నిజంగా ఇస్తుంది. బ్రాంజ్ అంటే సగం లోడు మీద 85 శాతం సమర్థత. మిగతా 15 శాతం వేడిగా పోతుంది. 4,600 పెట్టాం. ధర చూసి తమ్ముడు కాస్త నొచ్చుకున్నాడు, ఆ డబ్బుతో ఇంకో మెట్టు పైనున్న కార్డు వస్తుంది కదా అని. నేను ఒప్పుకోలేదు. ఎస్‌ఎంపీఎస్ పోతే ఒంటరిగా పోదు, పక్కవాటినీ తీసుకుపోతుంది.

యూపీఎస్ ఎంపికలోనూ ఇలాంటిదే ఒకటుంది. డబ్బా మీద వీఏ అని రాస్తారు, అది వాట్లు కాదు. ఇళ్లలో వాడేవాటిలో సుమారు అరవై శాతమే వాట్లుగా వస్తాయి. 600 వీఏ అంటే 360 వాట్లు. ప్రాసెసర్ 76, కార్డు 132, మిగతావి ఒక 50, మానిటర్ 25 వేసుకుంటే మాకు 280 దాటుతోంది. 360 అంటే అంచు మీద నడక. అందుకే 1,000 వీఏ తీసుకున్నాం. కరెంటు పోతే ఆట ఆపి, సేవ్ చేసి, కట్టేయడానికి సమయం ఇస్తుంది. అంతకు మించి దాన్నుంచి ఆశించకూడదు.

ఇక నాన్న రెండో ప్రశ్న, ఎక్కడ పెడతారు? మా హాలు గోడ మీద వరద గీత ఇప్పటికీ ఉంది. సున్నం వేసినా మట్టి రంగు చార మళ్లీ పైకి తేలింది. నాన్న దానికి ఒక జాన పైన సుద్దముక్కతో గీత గీసి, ఆటోనగర్‌లో తెలిసిన వెల్డర్ చేత ఇనుప యాంగిల్ స్టాండు చేయించి ఆ ఎత్తులో గోడకు బోల్టులు వేశారు. కేబినెట్ ఉండేది దాని మీద. యూపీఎస్‌కి ఆ పక్కనే ఇంకో అర. నేల మీద ఏదీ లేదు. దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. మానిటర్‌తో వచ్చే కేబుల్ టేబుల్ దాకా అందలేదు. 3 మీటర్ల డిస్‌ప్లేపోర్ట్ కేబుల్, కీబోర్డు, మౌస్‌ల కోసం ఒక యూఎస్‌బీ హబ్ విడిగా కొనాల్సి వచ్చింది. యాక్సెసరీస్ అంటే రంగుల లైట్లు అనుకుంటాం గానీ, నిజంగా అవసరమైనవి ఇవే.

కేబినెట్ విషయంలో తమ్ముడికీ నాకూ రెండు రోజులు వాదన నడిచింది. వాడు ముందు వైపు అద్దం ఉన్నది, నాలుగు రంగుల ఫ్యాన్లున్నది ఎంచాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత ఉన్న నేల మనది. ముందు అద్దం పెడితే గాలి ఎక్కడి నుంచి లోపలికి వెళ్తుంది? ముందంతా ఇనుప జాలీ ఉన్నదే కావాలన్నాను. జాలీ వెనక కడుక్కోవడానికి ఊడి వచ్చే దుమ్ము ఫిల్టర్ ఉండాలన్నాను. మా వీధిలో వేసిన మట్టిరోడ్డు దుమ్ము వరద తర్వాత ఇంకా ఎక్కువైంది. చివరికి జాలీదే కొన్నాం, అందులో మూడు ఫ్యాన్లు వాడికోసం రంగులవి. రెండు వారాలకోసారి ఆ ఫిల్టర్ తీసి కుళాయి కింద పెడితే నీళ్లు టీ రంగులో దిగుతాయి.

ఇప్పుడు ప్రాసెసర్, కార్డు. మొదటి షాపులో ఇచ్చిన కొటేషన్ నా దగ్గర ఇంకా ఉంది. "రైజెన్ 5, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్, 500 వాట్స్, ఆర్‌జీబీ కేబినెట్, 52,000." చూడ్డానికి బాగానే ఉంది, కానీ ఏ వస్తువుకీ మోడల్ నంబర్ లేదు. విడివిడిగా ధర వేయమంటే "సెట్టుగానే ఇస్తాం మేడమ్" అన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది.

రైజెన్ 5 (ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ల పేరు) అని రాసింది 5500 అనే మోడల్. దానికీ 5600కీ చూపులకు తేడా ఏమీ లేదు, రెంటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు. కానీ ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ, ఎల్3 క్యాష్, 5600లో 32 ఎంబీ, 5500లో సగమే, 16. పైగా ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య ఉండే దారిని పీసీఐఈ అంటారు, 5500 దాని 3.0 వేగంతోనే మాట్లాడుతుంది, 5600 అయితే రెట్టింపు వేగమున్న 4.0. మేం చూస్తున్న తరహా కార్డులు ఆ దారిలో 8 లేన్ల (వరసల) మీదే నడుస్తాయి కాబట్టి ఆ తేడా మాకు ముఖ్యం. ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్కు. రెండు 8 జీబీలు పెడితే డ్యూయల్ ఛానల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో నడుస్తుంది, ఆటల్లో ఆ తేడా కంటికి తెలుస్తుంది. ఇక "8 జీబీ గ్రాఫిక్స్" అన్నది ఆర్‌ఎక్స్ 580, అందులోనూ 2048 ఎస్‌పీ అనే రకం. అసలు ఆర్‌ఎక్స్ 580 వచ్చింది 2017లో, అందులో బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్లు, స్ట్రీమ్ ప్రాసెసర్లు, 2,304 ఉంటాయి. ఇందులో 2,048 మాత్రమే. పేరు అదే, 8 జీబీ అదే. ఆ నాలుగు ముక్కల చీటీ చదివి సంతోషంగా డబ్బు కట్టేవాళ్లు ఎంతమంది ఉంటారో తలుచుకుంటే నాకు బాధేసింది. మోడల్ నంబర్ రాయని కొటేషన్‌కి ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్. పాత ఏఎం4 సాకెట్టా, కొత్త ఏఎం5 సాకెట్టా అన్నది కష్టమైన ప్రశ్న. తమ్ముడు ఏఎం5 వైపు. కనీసం 2027 దాకా ఆ సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు వస్తాయని ఏఎండీ చెప్పింది, వాడి వాదనలో న్యాయం ఉంది. కానీ ఏఎం5కి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపితే మేం అడిగిన ధరల్లో 13 వేలు తేడా వచ్చింది. ఆ 13 వేలు తియ్యాలంటే కార్డులోంచి తియ్యాలి, లేదా యూపీఎస్‌లోంచి. రెండూ నాకు ఇష్టం లేదు. రైజెన్ 5 5600, బీ550 బోర్డు, డీడీఆర్4 3,200 ర్యామ్ రెండు ఎనిమిదులు, ఫైళ్లు దాచుకునే 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవు దగ్గర ఆగాం.

కార్డు ఆర్‌ఎక్స్ 6600. 132 వాట్లే తింటుంది, ఒక్క 8 పిన్నుల కేబుల్ చాలు, 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద మేమాడే ఆటలన్నీ హాయిగా నడుస్తాయి. ఆర్‌టీఎక్స్ 4060 ఇంకా తక్కువ, 115 వాట్లతో ఇంతకంటే బాగా ఆడుతుంది. కానీ ధర అప్పుడు తొమ్మిది వేలు ఎక్కువ పలికింది. ఇంకా చవగ్గా సెకండ్ హ్యాండ్ కార్డులు చాలా వచ్చాయి. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ ఆగిపోయాక రాత్రింబగళ్లు నడిచిన కార్డులు బోలెడు సంతలోకి వచ్చాయి. బిల్లు లేనిదాన్ని, ఎంత నడిచిందో తెలియనిదాన్ని మొదటి కంప్యూటర్‌లో పెట్టుకోవడం వద్దనుకున్నాం.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు మూడు వేలు తక్కువకు వస్తాయని తమ్ముడి స్నేహితులు చెప్పారు. నిజమే కావచ్చు. కానీ ఇద్దరికీ రానూపోనూ బస్సు ఛార్జీలు, ఏదైనా పనిచేయకపోతే మళ్లీ 270 కిలోమీటర్ల పైన ప్రయాణం. గవర్నర్‌పేటలోనే ఇంకో షాపులో ఒక పెద్దాయన ఓపిగ్గా ఒక్కో వస్తువుకీ విడిగా ధర వేసి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లతో సహా రాసిచ్చారు. ప్రాసెసర్, బోర్డు, కార్డు, ఎస్‌ఎంపీఎస్ ఆయన దగ్గరే కొన్నాం. వారంటీ అడిగే రోజున చేతిలో ఉండాల్సింది ఆ నంబర్లే.

మానిటర్ మీద ఎక్కువ ఆలోచించలేదు. 24 అంగుళాలు, పక్కల నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ తెర, సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చే 165 హెర్ట్జ్. 27 అంగుళాల్లో 1080పీ అయితే దగ్గర్నుంచి చూసినప్పుడు అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. కీబోర్డు మెకానికల్, రెడ్ స్విచ్‌లు. బ్లూ స్విచ్‌లు టకటకమంటాయి. అమ్మ పడుకునేది అదే హాల్లో.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చాప మీద దుప్పటి పరిచి, పెట్టెలన్నీ చుట్టూ పెట్టుకుని కూర్చున్నాం. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, వెయ్యికి పైగా, వెంట్రుకల్లాంటివి. మూల మీది బంగారు త్రిభుజాన్ని సాకెట్ మీది త్రిభుజానికి సరిపెట్టి వదిలితే దానంతటదే దిగిపోవాలి, నొక్కకూడదు. ఊపిరి బిగబట్టి నేనే పెట్టాను. బోర్డుకు పై మూలన ఉండే ప్రాసెసర్ పవర్ కేబుల్‌ను బోర్డు బిగించక ముందే వెనక నుంచి తీసుకురావాలని తెలియక, బిగించిన తొమ్మిది స్క్రూలూ మళ్లీ విప్పాం. కేబినెట్ మీది పవర్ బటన్, లైటు, రీసెట్‌ల సన్నటి పిన్నులు నా వేళ్లకూ తమ్ముడి వేళ్లకూ లొంగలేదు. అమ్మ జాకెట్లు కుడుతుంది. కళ్లజోడు పెట్టుకుని, కుట్టుమిషన్ డబ్బాలోంచి చిన్న పట్టకారు తెచ్చుకుంది. పుస్తకంలో బొమ్మ చూపించి ఏది ఎక్కడో చెబుతుంటే, సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా అన్నీ ఎక్కించేసింది.

సాయంత్రం ఆరింటికి స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి కేబుల్ బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టాలి. అది సరిగ్గానే ఉంది. అప్పుడు తమ్ముడు బోర్డు అంచున డీర్యామ్ అని రాసి ఉన్న బుల్లి పసుపు లైటు ఆరకుండా వెలగడం చూశాడు. కరెంటు తీసేశాం. నాన్న ర్యామ్ స్టిక్కుల మీద బొటనవేలు పెట్టి, "భయపడి సగమే దింపారమ్మా" అంటూ ఒక్కోదాన్నీ నిలువునా నొక్కారు. టక్, టక్ అని రెండు చప్పుళ్లు. మళ్లీ స్విచ్ వేస్తే తెర వెలిగింది. తమ్ముడు నాన్నను చుట్టేశాడు.

అంతటితో పని అయిపోలేదు. 3,200 ర్యామ్ 2,400 దగ్గరే నడుస్తోంది. బయాస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే కొన్న వేగం వచ్చింది. 165 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గరే ఉంది, విండోస్ సెట్టింగుల్లో మార్చుకోవాలి. విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు ఆన్‌లో లేకపోతే వాలరెంట్ ఆట తెరుచుకోదు, దానికి ఇంకో అరగంట. మొదటి రెండూ తెలియక నెలల తరబడి తక్కువ వేగంతో ఆడుకునేవాళ్లు ఉంటారు, అందుకే రాస్తున్నాను.

ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న కూలర్ ఏప్రిల్ దాకా బాగానే లాగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం గదిలో 37 డిగ్రీలు, ఆటలో ప్రాసెసర్ 88. దాని హద్దు 90. రోహిణి కార్తె ఇంకా రాకముందే ఈ స్థితి అయితే ముందు ముందు కష్టమని 1,900 పెట్టి నాలుగు పైపుల టవర్ కూలర్ కొన్నాం. అదే గదిలో అదే ఆటకు 74కి దిగింది. మొదట్లోనే కొనాల్సింది, విజయవాడలో ఉండేవాళ్లు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

ఎండలకు నేల ఆరిపోతే ఎర్త్ బలహీనపడుతుందట. వారానికోసారి నాన్న పెరట్లో ఆ గొయ్యిలో బిందెడు నీళ్లు పోసి, లోపలికొచ్చి మీటరు పెట్టి అంకె చూసుకుంటారు. ఆయన పని మీద ఊరెళ్తే ఆ నీళ్లు నేను పోస్తాను, తమ్ముడు మీటరు పడతాడు.